సున్నా మార్కుల కంప్యూటరు

కాకినాడ వనమాల రెసిడెన్సీలో అరవై నాలుగు ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఒక నిబంధన ఉన్నాయి. లిఫ్టుల్లో ఒకటి ఆగిపోయి ఏడాదిన్నర అయింది. నిబంధన మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

అది సంఘం నియమావళిలో పదిహేడోది. ఏ వస్తువు గురించి ఎవరికి తెలుసో, ఆ వస్తువు కొనుగోలులో వారు పాలుపంచుకోరాదు.

వినడానికి విడ్డూరంగా ఉన్నా దానికీ ఒక చరిత్ర ఉంది. నాలుగేళ్ళ కిందట వ్యాయామం క్షుణ్ణంగా తెలిసిన ఒకాయన సంఘం తరఫున ట్రెడ్‌మిల్ ఎంపిక చేశాడు. అది ఆయన ఎత్తుకీ, ఆయన వేగానికీ తప్ప మరెవరికీ నప్పలేదు. మరుసటేడు కెమెరాల సంగతి తెలిసిన ఇంకొకాయన కెమెరాలు పెట్టించాడు. ఆరింటిలో నాలుగు ఆయన స్కూటరునే చూస్తూ ఉండేవి. అప్పుడే జిల్లా ఆడిట్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు అభ్యంతరాలు రాసి రిటైరైన ఉమాపతిగారు అధ్యక్షులయ్యారు.

"తెలిసినవాడికి అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది. పక్షపాతం ఉన్నచోట ఆడిట్ అభ్యంతరం ఉంటుంది. కావున, తెలియనివాడే అర్హుడు," అని ఆయన తొలి సమావేశంలోనే తేల్చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే ఇంటికెళ్ళనిచ్చేలా లేరు మరి.

ఆ తరవాత నీళ్ళ మోటారుని కూచిపూడి టీచరు ఎంపిక చేసింది. పూలకుండీలని, పూలంటే తుమ్ములొచ్చే ఆయన ఎంపిక చేశాడు. ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ రాలేదు. నీళ్ళు కూడా అంతంతమాత్రంగానే వచ్చేవి.

ఇలా ప్రశాంతంగా సాగిపోతున్న వనమాలకి డిసెంబరు మొదటివారంలో కాలనీ ఫెడరేషన్ నుంచి సర్క్యులర్ ఒకటి వచ్చింది. ఈసారి రిపబ్లిక్ డేకి కుర్చీలాట, ముగ్గులపోటీ లేవట. కాలం మారిందట. కంప్యూటరు మీద కార్ల పందెం పెడతారట. ప్రతి అపార్ట్‌మెంటూ డెబ్భై వేలకి మించకుండా విడిభాగాలు ఏరి తెచ్చుకుని, సొంతంగా బిగించుకున్న గేమింగ్ కంప్యూటరుతో రావాలట. తెర, స్టీరింగు ఫెడరేషనే ఇస్తుందట.

ఈ సర్క్యులర్ నోటీసు బోర్డు మీద చదివి, మూడువందల నాలుగో నంబరు ఫ్లాటు హైమవతి కూరల సంచీ కింద పెట్టేసింది. మళ్ళీ ఒకసారి చదివింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, సంచీ తీసుకుని మెట్లెక్కింది.

హైమవతికి నలభై ఏడేళ్ళు. బీయస్సీ ఫిజిక్సు. భర్త భాస్కరం ఓడరేవు ఆఫీసులో పనిచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ స్కూటరు నేర్చుకుంటూ వీధి మలుపులో పడింది. మోకాలు వారంలో మానింది గానీ, "నీకెందుకే ఇవన్నీ" అన్నమాట ఇంట్లో స్థిరపడిపోయింది. మూడేళ్ళ కిందట కూతురు శ్రీలహరి లాప్‌టాప్ మీద దుమ్ము తుడుస్తూ తుడుస్తూ, అందులో ఉన్న కార్ల పందెం ఆట తెరిచింది. ఆ రోజు పప్పు మాడింది. ఆ తరవాత ఎప్పుడూ మాడలేదు. ఆవిడ వేళలు సర్దుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పనిమనిషి గిన్నెలు తోమి వెళ్ళాక, రెండు నుంచి నాలుగు దాకా హైమవతి గంటకి మూడు వందల కిలోమీటర్ల వేగంతో వెళ్ళేది. ఎక్కడో ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళు 'ఆవకాయ44' అనే పేరు చూస్తే పక్కకి తప్పుకునేవారు.

ఆగస్టులో శ్రీలహరి చదువుకోసం విశాఖ హాస్టలుకి వెళుతూ లాప్‌టాప్ పట్టుకుపోయింది. న్యాయమే. దానిదే కదా. అప్పటినుంచి మధ్యాహ్నం రెండు గంటలకి హైమవతి కుర్చీలో కూర్చుని పప్పుచెంబు మూత రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పడం భాస్కరం ఒక ఆదివారం చూశాడు. చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. పాతికేళ్ళ కాపురం ఇచ్చే తెలివి అది.

*

ఎంపిక ఉపసంఘానికి సభ్యులు కావాలని ప్రకటన వెలువడింది. మొదట పరిగెత్తుకొచ్చినవాడు ఐదో అంతస్తు ప్రణీత్. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సొంతంగా మూడు కంప్యూటర్లు బిగించుకున్నాడు.

"అంకుల్, నాకు వీటి గురించి బాగా తెలుసు," అన్నాడు.

"నీ నిజాయితీకి సంతోషం," అన్నారు ఉమాపతిగారు. "నేరం ఒప్పుకున్నట్టు రాసుకోవయ్యా, గున్నేశ్వరరావూ."

కార్యదర్శి గున్నేశ్వరరావు తహసీల్దారు ఆఫీసులో పనిచేసి వచ్చినవాడు. చెప్పినదల్లా రాస్తాడు, చెప్పనిది కూడా కొంత రాస్తాడు. ఆయన ప్రణీత్ పేరు పక్కన 'పరిజ్ఞాన దోషం' అని రాశాడు. ఉపసంఘం చర్చలు ప్రణీత్ చెవిన పడకూడదనీ, అతని మాట ఉపసంఘం చెవిన పడకూడదనీ తీర్మానం. అతనికి సంఘం గది అద్దాల తలుపు అవతల నిలబడే స్వేచ్ఛ మాత్రం మిగిలింది.

తక్కినవాళ్ళు 'అజ్ఞాన ధ్రువీకరణ పత్రం' మీద సంతకం పెట్టాలి. "పై వస్తువు గురించి నాకు ఎట్టి అవగాహనా లేదనియు, ఇకపై కూడా కలుగనీయననియు ఇందుమూలముగా ప్రకటించుచున్నాను." హైమవతి సంతకం పెట్టడానికి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పాతికేళ్ళుగా ఇంట్లో నోటిమాటగా ఇస్తున్న పత్రమే. కాగితం మీద ఇవ్వడం ఇదే మొదలు, అంతే తేడా.

"అధ్యక్షుల పత్రం కూడా జతచేయాలాండీ?" అని గున్నేశ్వరరావు అడిగాడు.

"నా విషయం అక్కర్లేదు. అది లోకవిదితం," అన్నారు ఉమాపతిగారు.

నాలుగో సభ్యురాలు కింది అంతస్తు సుభద్రమ్మగారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. "కంప్యూటరంటే ఏవిటో తెలియకపోతే చాలు, మీటింగుకి కాఫీ ఇస్తార్ట," అని పక్కింటావిడ చెబితే వచ్చింది.

మొదటి సమావేశంలో ఉమాపతిగారు కాగితం విప్పారు. కంప్యూటరుకి భాగాలు ఎనిమిది. ప్రాసెసరు, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, డిస్కు, పవర్ సప్లై, చల్లబరిచే ఫ్యాను, వీటన్నిటినీ పెట్టుకునే పెట్టె.

"డెబ్భై వేలని ఎనిమిదితో భాగిస్తే ఎనిమిది వేల ఏడు వందల యాభై. ఏ భాగం పట్లా పక్షపాతం చూపకుండా తలా అంత కేటాయిస్తున్నాం. ఒక భాగానికి ఎక్కువిస్తే తక్కిన భాగాలు ప్రశ్నిస్తాయి."

హైమవతి మనసులో లెక్క వేసుకుంది. ఎనిమిది వేల ఏడు వందల యాభైకి వచ్చే గ్రాఫిక్స్ కార్డు మీద కారు పందెం ఆడితే ఎడ్లబండి పందెంలా ఉంటుంది. అదే డబ్బుకి పెట్టె మాత్రం అద్దాలతో, ఏడు రంగుల దీపాలతో పెళ్ళిమండపంలా వస్తుంది. ఆ మాట చెబితే పరిజ్ఞాన దోషం. చెప్పకపోతే ఎడ్లబండి. తలుపు అవతల ప్రణీత్ గాజుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"తెలియకడుగుతానండీ," అంది హైమవతి. "పులిహోరలో బియ్యానికి వంద రూపాయలూ, ఇంగువకి వంద రూపాయలూ పెడితే, ఆ పులిహోర ఎవరైనా తింటారాండీ?"

గున్నేశ్వరరావు కలం ఆపాడు.

"కుక్కలు కూడా తినవు," అంది సుభద్రమ్మగారు నిశ్చయంగా.

ఉమాపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది కంప్యూటరు పరిజ్ఞానమా, వంట పరిజ్ఞానమా?"

"వంటేనండీ. నాకు అదొక్కటే కదండీ వచ్చింది."

"అయితే అభ్యంతరం లేదు. రాయవయ్యా. ఇంగువ సూత్రం ప్రకారం కేటాయింపులు అసమానంగా ఉండవచ్చును. మరి వీటిలో బియ్యం ఏది, ఇంగువ ఏది?"

"నాకేం తెలుస్తుందండీ. పందెం జరిగేది బొమ్మల్లో గదా, ఆ బొమ్మలు చూపించేదేదో ఉంటుంది గదా, అదే బియ్యమేమో. పెట్టె విస్తరాకు అనుకుంటాను. విస్తరికి అంత పెట్టం గదండీ."

గున్నేశ్వరరావు 'విస్తరాకు' కింద గీత గీశాడు.

*

రెండో సమావేశంలో హైమవతి కాలు జారింది.

ర్యామ్ దగ్గరకి వచ్చారు. పదహారు జీబీది ఒకే పలక కొనాలా అని ఉమాపతిగారు అడిగారు. అప్పటికే వంకాయ, సిలిండరు, ఇస్త్రీపెట్టె, అన్ని ఉపమానాలూ ఖర్చు చేసి అలిసిపోయిన హైమవతి నోట్లోంచి, "ఎనిమిదివి రెండు కొంటే మంచిదండీ, డ్యూయల్ ఛానెల్..." అన్నమాట బయటికి వచ్చేసింది.

అద్దం అవతల ప్రణీత్ తలెత్తాడు. ఇవతల ఉమాపతిగారు కలం దించారు.

"ఛానెల్?"

"టీవీలో... సీరియళ్ళకి ఒకటీ, వార్తలకి ఒకటీ, రెండు ఛానెళ్ళుంటే ఇంట్లో గొడవ ఉండదని..." అంది హైమవతి. నుదుట చెమట పట్టింది. కొంగుతో అద్దుకుంది.

ఉమాపతిగారు ఆవిడవైపు ముప్ఫై నాలుగేళ్ళ ఆడిట్ చూపు చూశారు. "నేను మిమ్మల్ని అనుమానించడం లేదమ్మా. వ్యవస్థని అనుమానిస్తున్నాను. ఒక సమావేశంలో కూర్చున్నవారికి ఎంతో కొంత తెలిసిపోతుంది. మొన్నటి అజ్ఞానం ఇవాళ చెల్లుతుందన్న హామీ ఏమిటి? సభ్యులందరికీ పరీక్ష పెడుతున్నాను. ఒక్క జవాబు సరిగ్గా రాసినా సభ్యత్వం రద్దు."

"అయ్యా, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారండీ? తెలియనివాళ్ళు చేయలేరు గదా," అన్నాడు గున్నేశ్వరరావు.

దీనిమీద ముప్పావుగంట చర్చ జరిగింది. ప్రశ్నలు వేయడం కొనుగోలు కిందికి రాదనీ, తెలిసినవాడి చేత ప్రశ్నలు వేయించవచ్చుననీ తేలింది. అద్దం తలుపు తెరిచి ప్రణీత్‌ని లోపలికి పిలిచారు. అతను మూడువారాల తరవాత ఏసీ గాలి పీల్చుకున్నాడు.

ఆ వారమంతా హైమవతి ముళ్ళమీద ఉన్నట్టే ఉంది. ఒక్క జవాబు ఒప్పయినా కంప్యూటరు చేజారుతుంది. ఆవిడ పోతే మళ్ళీ తలా ఎనిమిది వేల ఏడు వందల యాభై, మళ్ళీ పెళ్ళిమండపం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మళ్ళీ పప్పుచెంబు మూత.

"తెలియనట్టు రాయి, సరిపోతుంది," అన్నాడు భాస్కరం పేపరు మడిచి.

"తెలియనట్టు రాస్తే మూడో నాలుగో సరైపోతాయండీ. అన్నీ తప్పు రాయాలంటే అన్నీ తెలిసుండాలి."

"మా ఆఫీసులో అలాంటివాడు ఒకడున్నాడు. వాడే మాకు మేనేజరు," అన్నాడు భాస్కరం.

*

ఆదివారం పొద్దున్న సంఘం గదిలో నాలుగు కుర్చీలు దూరం దూరంగా వేశారు. న్యాయం అందరికీ ఒకటే అని ఉమాపతిగారు తానూ కూర్చున్నారు. పది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు. అ, ఆ, ఇ, ఈ. ఒకదానికి టిక్కు పెట్టాలి.

హైమవతి ఒక్కొక్క ప్రశ్న దగ్గరా సరైన జవాబు వెతికి, దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, మిగిలిన మూడింటిలో అమాయకంగా కనిపించేది ఎంచుకుంది. గ్రాఫిక్స్ కార్డు దేనికి అన్నదానికి 'పేకాటకు' అని పెట్టింది. ఏడో ప్రశ్న దగ్గర ఆగింది. కంప్యూటరు తరచు ఆగిపోతుంటే కారణమేమై ఉండవచ్చు? అందులో వేడెక్కడమూ ఉంది, పవర్ సప్లై చాలకపోవడమూ ఉంది. రెండూ సరైనవే. ప్రణీత్ పొరపాటు చేశాడు. దిద్దుదామని కలం లేచింది. ఆవిడ కలాన్ని కూర్చోబెట్టి, ఆ రెండూ వదిలేసి, 'దిష్టి తగలడం' దగ్గర టిక్కు పెట్టింది.

గంట తరవాత ప్రణీత్ ఫలితాలు చదివాడు.

"సుభద్రమ్మగారు, పదికి నాలుగు."

"నాలుగా!" సుభద్రమ్మగారు లేచి నిలబడింది. "ఏవీ తెలియలేదు నాయనా. మావారి పేరు 'ఈ'తోనే మొదలు. నోటితో అనకూడదు గానీ టిక్కు పెట్టచ్చు గదా అని అన్నిటికీ 'ఈ' దగ్గర పెట్టాను. అరవై ఏళ్ళ తరవాత పరీక్ష పాసయ్యాను. ఆయనుంటే సంతోషించేవారు."

ఆవిడ సభ్యత్వం అక్కడికక్కడే రద్దయింది. స్వీటు పంచడానికి ఇంటికి వెళ్ళిపోయింది.

"గున్నేశ్వరరావుగారు, మూడు. ఉమాపతిగారు..." ప్రణీత్ తటపటాయించాడు. "రెండండీ."

ఉమాపతిగారి ముఖం మొదట ఎర్రబడింది. తరవాత మెల్లగా వికసించింది. "నాలో ఇంత విజ్ఞానం ఉన్నట్టు నాకే తెలియదు. అయినా నిబంధన నిబంధనే. నేను ఉపసంఘం నుంచి తప్పుకుంటున్నాను. సంతకం చేసే అధికారిగా మాత్రమే మిగులుతాను. సంతకానికి విషయం తెలియనక్కర్లేదని సర్వీసు రూల్సులోనే ఉంది."

"హైమవతి ఆంటీ," అన్నాడు ప్రణీత్. కాగితం వైపు మళ్ళీ చూశాడు. "సున్నా."

"సున్నాయా?" అన్నారు ఉమాపతిగారు గౌరవంగా.

"సున్నానేనండి. ఏడోదాంట్లో నేను పొరపాటున రెండు సరైన జవాబులు పెట్టాను. ఆంటీ రెండూ తప్పించుకున్నారు."

"అదీ స్వచ్ఛత అంటే," అన్నారు ఉమాపతిగారు. లేచి హైమవతికి నమస్కారం పెట్టారు. ఇకమీదట ఎంపిక ఉపసంఘమంటే ఆవిడ ఒక్కతేనని గున్నేశ్వరరావు రాశాడు.

బయట మెట్ల దగ్గర ప్రణీత్ ఆవిడని ఆపాడు.

"ఆంటీ, కళ్ళు మూసుకుని పెట్టినా పదింటికి రెండో మూడో తగులుతాయి. సున్నా రావాలంటే..."

"చూడు నాయనా," అంది హైమవతి, "ఫెయిలైనవాళ్ళని అలా నిలదీయకూడదు. మనసు కష్టపడుతుంది."

ప్రణీత్ పక్కకి జరిగి దారిచ్చాడు. "సారీ ఆంటీ," అన్నాడు. మెట్లెక్కుతూ ఎందుకో తనలో తానే నవ్వుకున్నాడు.

*

జాబితా రాయడానికి హైమవతికి పావుగంట పట్టింది. కందిపప్పు డబ్బా మీద కాగితం పెట్టుకుని రాసింది. సగానికి కాస్త తక్కువ గ్రాఫిక్స్ కార్డుకి. దానికి తగ్గ ప్రాసెసరు, మరీ ఎక్కువది కొంటే రాజుగారికి పని లేని మంత్రిలా కూర్చుంటుంది. ఆ ప్రాసెసరు కూర్చునే మదర్‌బోర్డే. పవర్ సప్లై దగ్గర మాత్రం పీనాసితనం లేదు. నాలుగు పొయ్యిల స్టవ్వు కొని చిన్న సిలిండరు పెట్టుకోం కదా. ఫ్యాను ప్రాసెసరు పెట్టెలోనే వస్తుంది కాబట్టి అక్కర్లేదని కొట్టేసింది. పెట్టె రేకుది. దీపాలు లేవు. పైన, 'తోచింది రాశాను, తప్పులుంటే మన్నించాలి' అని చేర్చింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొనడం దగ్గర. భానుగుడి జంక్షన్‌లో కంప్యూటరు షాపులు నాలుగున్నాయి. నలుగురినీ ఉమాపతిగారు ఒకే కారణం మీద అనర్హుల్ని చేశారు. కంప్యూటర్లు అమ్మేవాడికి కంప్యూటర్ల గురించి తెలిసి ఉంటుంది. చివరికి కొటేషను మెయిన్ రోడ్డు స్టీలుసామాన్ల కొట్టు నూకరాజు దగ్గర తీసుకున్నారు.

"ఆయ్, తెప్పిస్తానండి," అన్నాడు నూకరాజు. జాబితా తిరగేసి చూశాడు. "కిలో లెక్కనా, పీసు లెక్కనా అండి? ఈ పెట్టె మూతతోనా, విడిగానా?"

"మూతతోనే," అంది హైమవతి గబగబా.

నూకరాజు తెలివైనవాడు. ఆ జాబితా అలాగే పట్టుకెళ్ళి భానుగుడి జంక్షన్‌లో ఇచ్చి, వారంలో సామాను తెప్పించాడు. జనవరి పద్దెనిమిదిన అప్పగింత. ఎనభైమందికి వండే స్టీలు గంగాళంలో గడ్డి పరిచి, దాని మీద పెట్టెలు పేర్చి తెచ్చాడు. హైమవతి ఒక్కొక్కటి తీసి చూసుకుంది. రాసినవి రాసినట్టే ఉన్నాయి. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, గంగాళంలో ప్రతిధ్వని వినిపిస్తుందేమోనని భయపడింది.

అప్పుడు ఉమాపతిగారు అన్నారు: "పేర్లు చెక్కించావా?"

"అదెంతసేపండి, మిషను తెచ్చాను," అన్నాడు నూకరాజు. సంచీలోంచి గిన్నెల మీద పేర్లు చెక్కే మిషను తీశాడు. "స్టీలు సామాను పేరు లేకుండా మా కొట్టు గుమ్మం దాటదండి. ఏమని చెక్కమంటారు?"

"ప్రతి భాగం మీదా 'వనమాల రెసిడెన్సీ, కాకినాడ' అని. కింద తేదీ. సంఘం ఆస్తి మీద సంఘం పేరు లేకపోతే అది ఎవరి ఆస్తి? ముందు దాని మీద చెక్కు," అని ఉమాపతిగారు ప్రాసెసరు వైపు చూపించారు.

అగ్గిపెట్టెంత వస్తువు. వెనకంతా వేల బంగారు చుక్కలు. నూకరాజు దాన్ని బొటనవేలితో పట్టుకుని, "జాగా తక్కువండి, కాకినాడ వెనకవైపు రాస్తాను," అంటూ మిషను ఆన్ చేశాడు. టర్‌ర్ర్ మని మోత. తలుపు అవతల ప్రణీత్ నేలమీద కూర్చుండిపోయాడు.

హైమవతికి ఉపమానం తోచలేదు. నెలన్నరలో మొదటిసారి వంటిల్లు ఖాళీగా కనిపించింది. చెక్కితే పోతుందని చెబితే, ఎలా తెలుసునంటారు. చెప్పకపోతే పోనే పోతుంది. సూది ఆ బంగారు చుక్కలకి బెత్తెడు దూరంలో ఉంది.

"నూకరాజుగారూ, ఒక్క నిమిషం," అంది. "ఉమాపతిగారూ, చెక్కించాల్సిందేనండీ. కానీ ఇవన్నీ లోపల పెట్టి మూత బిగించేస్తారు గదా. లోపల మీ పేరున్నా ఎవరు చూస్తారు?"

"నా పేరా?"

"సంఘం పేరు ఒక్కటే అయితే ఎలాగండీ. ఎవరి హయాంలో కొన్నారో ఉండద్దూ. ఈ జాగాలో మీ పేరు పట్టదు. అదే పెట్టె మూత మీదయితే విశాలంగా, డిగ్రీలతో సహా పడుతుంది. పందెం రోజు ఊరంతా చూస్తుంది."

ఉమాపతిగారు ప్రాసెసరు వైపు చూశారు. పెట్టె వైపు చూశారు. పక్షపాతం లేని ఆ మనిషి జీవితంలో మొదటిసారి ఒక భాగానికి ఎక్కువ కేటాయించారు.

"లోపలి భాగాలకు మినహాయింపు ఇస్తున్నాను," అన్నారు.

నూకరాజు పెట్టె మూత మీద గంటసేపు చెక్కాడు. పక్కన రెండు నెమళ్ళు ఉచితంగా వేశాడు.

బిగించడానికి కూడా తెలియనివాళ్ళే కావాలి. సున్నా వచ్చింది ఒక్కరికే. హైమవతి చీరకొంగు దోపి కూర్చుంది. వేడి లాగడానికి ప్రాసెసరు మీద రాసే పేస్టు చూసి, "మొత్తం పిసికెయ్యండి, మిగిలిస్తే లెక్క తేలదు," అన్నారు ఉమాపతిగారు. "బొట్టంత చాలునేమోనండీ, అట్లపిండి కాదు గదా," అని ఆవిడ బఠాణీ గింజంత పెట్టింది. ప్రణీత్ అద్దం అవతలనుంచి గొంతెత్తకుండా, కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆఖరి మర బిగించి ఆవిడ మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. దానికి తగిలించిన సంఘం టీవీ తెర వెలిగింది. అతను రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. దేవుడికేనని అందరూ అనుకున్నారు.

*

పందెం ఎవరు ఆడాలన్నది పెద్ద చర్చే కాలేదు. పిల్లలందరికీ ఆట తెలుసు. కాబట్టి పిల్లలందరూ అనర్హులు.

"అమ్మా, మీరు ఓడినా ఫరవాలేదు," అన్నారు ఉమాపతిగారు రిపబ్లిక్ డే పొద్దున్న, జెండా వందనం అయ్యాక. "నిబంధన గెలవాలి."

హైమవతి తలూపింది. ఆవిడకి కావలసింది అదే. కంప్యూటరు వచ్చింది. అది సంఘం గదిలో ఉంటుంది. ఏమీ తెలియని మనిషి చేతిలోనే తాళంచెవి ఉంచుతామన్నారు. ఇప్పుడు బుద్ధిగా ఓడిపోతే, రేపటినుంచి రెండు నుంచి నాలుగు ఆవిడవే. గెలిస్తే ఆ సున్నా కాస్తా బయటపడుతుంది.

చీటీలు తీసి ఇద్దరిద్దరికి పందెం పెట్టారు. ఆఖరి జతలో వనమాలకి ఎదురు పద్మా టవర్స్ తరఫున ఇంజినీరింగు చదివే కుర్రాడు. వాళ్ళ పెట్టె ఏడు రంగుల్లో వెలుగుతోంది. వనమాల పెట్టె మీద రెండు నెమళ్ళు, మధ్యలో ఉమాపతి, ఎమ్.కామ్.

మొదటి మలుపులోనే హైమవతి కారుని గోడకి కొట్టింది. చేతులారా కొట్టింది. జనం నవ్వారు. భాస్కరం నవ్వలేదు.

పద్మా టవర్స్ కుర్రాడు జాలిగా పక్కకి వంగాడు. "ఆంటీ, బ్రేకు ఎడంకాలి దగ్గర. మీకెందుకాంటీ ఇవన్నీ, ఇబ్బంది పడుతున్నారు."

హైమవతి అతనివైపు ఒకసారి చూసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గాజులు మోచేతి వైపు జరుపుకుంది.

తరవాతి రెండు నిమిషాల్లో షామియానా కింద జనం కుర్చీల్లోంచి లేచారు. ఆవిడ ఎర్రకారు గోడనుంచి వెనక్కి వచ్చి, మలుపుల్ని చీర అంచు మడిచినట్టు మడుచుకుంటూ పోయింది. ఆఖరి వంపులో కుర్రాడి కారుకీ గోడకీ మధ్య బియ్యపు గింజంత సందు ఉంది. హైమవతికి అది చాలు. ఆవిడ కారు ఒక బారు ముందుండగా గీత దాటింది.

ఉమాపతిగారు నెమ్మదిగా లేచారు. ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు. హైమవతి చెప్పులు వేసుకుని, తాళంచెవి తిరిగి ఇవ్వడానికి కొంగు ముడి విప్పసాగింది. అయిపోయింది. అయినా ఆ సందులోంచి దూరినందుకు ఆవిడకి విచారం కలగలేదు.

ఆయన మైకు అందుకున్నారు.

"సభాముఖంగా మనవి చేస్తున్నాను. విషయం తెలిసిన ఆటగాడు బ్రేకు ఎక్కడుందో ఆలోచిస్తాడు. ఆ ఆలోచనే జాప్యానికి హేతువు. పదికి సున్నా సాధించిన మా సభ్యురాలికి ఆలోచించడానికేమీ లేదు. కావుననే గెలిచారు. పదిహేడో నిబంధన ఇవాళ నిరూపితమైంది."

చప్పట్లు మారుమోగాయి. ప్రణీత్ అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. హైమవతి కొంగు ముడి మళ్ళీ బిగించుకుంది.

"ఈ స్ఫూర్తితో," అన్నారు ఉమాపతిగారు, "ఏడాదిన్నరగా ఆగిపోయిన మన లిఫ్టు మరమ్మతు ఉపసంఘాన్ని కూడా ఏర్పాటు చేస్తున్నాం. ఫిబ్రవరి మొదటి ఆదివారం పరీక్ష. అమ్మా, మీకు లిఫ్టుల గురించి ఏమైనా తెలుసా?"

"బొత్తిగా తెలియదండీ," అంది హైమవతి. ఈసారి నిజమే చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం భాస్కరం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. మూడున్నరకి కాఫీ ఫ్లాస్కు పట్టుకుని సంఘం గదికి దిగి వచ్చాడు. నెమళ్ళ పెట్టె గుర్రుమంటోంది. పిల్లలు అయిదుగురు గోడవార వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. ప్రతివాడి చేతిలోనూ సంతకం పెట్టిన అజ్ఞాన ధ్రువీకరణ పత్రం ఉంది. తెర మీద మాత్రం కార్లు లేవు. ఇనపతాళ్ళు, కప్పీలు, బరువు దిమ్మలు, నూట నలభై పేజీల పుస్తకం ఏదో తెరిచి ఉంది. హైమవతి ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని ముఖ్యమైనవి ఎక్కించుకుంటోంది.

"ఏమిటే ఇది? ఆడుకోవా?"

"ఆదివారం పరీక్షండీ," అంది ఆవిడ తల తిప్పకుండా. "ఈసారి కూడా సున్నా రావాలి. ఇంకా వంద పేజీలున్నాయి."